గొడుగుల గొట్టం

ఛీ, మళ్లీ వేలు నాలికకి అద్దుకున్నాడు కౌన్సెలింగ్ కౌంటర్లో గుమాస్తా, ఆ తడివేలితోనే నా సర్టిఫికెట్లు తిప్పుతున్నాడు, నా పేరు మీద వాడి ఉమ్ము, తుడుద్దామంటే నాన్న మోచేత్తో పొడిచాడు, అడుగుతున్నాడు కదే, ఏ బ్రాంచో చెప్పు, కంప్యూటర్సని చెప్పు, ఇంత మంచి ర్యాంకొచ్చి ఇంకోటి తీసుకుంటే బూడిదలో పోసిన పన్నీరే, ర్యాంకేమన్నా పన్నీరా నాన్నా ఒలికిపోవడానికి, అన్లేదు, అనుకున్నానంతే, నెల్రోజులు నాన్న చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను, ఇక్కడే ఇంజనీరింగ్ ఫిజిక్స్ ఉంది, అదీ ఇంజనీరింగ్ డిగ్రీయే, రేపు ఫిజిక్స్ రీసెర్చికి వెళ్లాలన్నా దారి మూసుకుపోదు అని, అదేం బ్రాంచే, ఎవరూ తీసుకోగా వినలేదే అన్నాడు, అయిపోయింది, పైన రెండు ఫ్యాన్ల మోత కలిసి ఉబ్బుతోంది, తగ్గుతోంది, మళ్లీ ఉబ్బుతోంది, ఒకటి కాస్త నెమ్మదిగా తిరుగుతోంది కాబట్టి, ఆ ఉబ్బులు లెక్కపెడితే తేడా ఎంతో దొరికిపోతుంది, ఇంతమంది చెమటలు కక్కుతూ కూర్చున్నారు, ఒక్కరికీ వినపడదేం.

నాన్న పక్కన బాబాయి పుల్లతో పళ్లు కుట్టుకుంటున్నాడు, కొసని ఓసారి చూసుకుని మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు, పిచ్చిమొహమా అన్నాడు, ముందు ఉద్యోగంలో పడు, ఫిజిక్స్ ఎక్కడికి పోతుంది, తర్వాత తీరిగ్గా చేసుకోవచ్చు, తర్వాతట, పొద్దున వానలో బయల్దేరుతుంటే వాళ్లింటి గుమ్మం పక్క గొట్టంలోంచి గొడుగు లాగాను, అడుగున మురుగునీళ్లు, చచ్చిన బొద్దింక, సబ్బుతో కడిగినా చేతికి ఆ కంపు పోలేదు, ఆ గొట్టం ఒకప్పుడు టెలిస్కోపట, పెళ్లికి ముందు మీ బాబాయి నెలల తరబడి అద్దం అరగదీసి సొంతంగా చేసుకున్నారు, శనిగ్రహం చుట్టూ వలయాలు చూపించారు నాకు, పిన్ని నవ్వుతూనే చెప్పింది, ముందు ఉద్యోగంలో పడి తర్వాత చూద్దామనుకున్నారమ్మా, అంతే, మరి ఆ అద్దమేదీ అంటే స్నానాలగదిలో ఉంది, బాబాయి దాన్లో చూసుకుంటూ గడ్డం గీసుకుంటాడు, మీద ఎండిపోయిన నురగ, అంటుకున్న వెంట్రుకలు, థూ.

తొందరగా తేల్చండమ్మా, వెనక జనం ఉన్నారు, గుమాస్తా కసిరాడు, నాన్న చెయ్యి నా భుజం మీద పడింది, చెమటగా, బరువుగా, పాపం భయపడుతున్నాడు, కంప్యూటర్సని అనేద్దామని నోరు తెరిచాను కూడా, ఫిజిక్స్ ఎక్కడికీ పోదే అన్నాడు బాబాయి మళ్లీ, నిజమే, ఫ్యాన్లు అలాగే మోగుతున్నాయి, శని వలయాలూ అక్కడే ఉన్నాయి, ఇంజనీరింగ్ ఫిజిక్స్, అన్నాను, నాన్న చెయ్యి జారిపోయింది, పుల్ల బాబాయి పళ్లమధ్యే ఆగిపోయింది, నా వైపు చూశాడు, నాకు అసహ్యం వెయ్యలేదు ఈసారి, ఏడుపొచ్చింది, ఫిజిక్స్ ఎక్కడికీ పోలేదు బాబాయ్, పోయింది నువ్వే.