వెనక చక్రం మూత

లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లను బయటికి తీసే పని మా అమ్మాయిది. ఫోన్ రాగానే హెల్మెట్ తగిలించుకుని, పనిముట్ల సంచి వీపున వేసుకుని, కంపెనీ మోటారు సైకిలు మీద దూసుకుపోతుంది. అరగంటలో చేరాలి. లిఫ్టులో ఉన్నవాళ్ల ప్రాణాల సంగతేమో గానీ, అది తిరిగొచ్చేదాకా నా ప్రాణం నా దగ్గర ఉండదు.

నేను భయస్తురాలినే, కాదనను. దూరంగా అంబులెన్స్ కూత వినబడితే చాలు, దానికి ఫోన్ చేస్తాను. ఎత్తకపోతే పదిసార్లు చేస్తాను. "మీ అమ్మకి దిగులు లేకపోతే తిన్నది అరగదే" అంటారు మా ఆయన. ఆయన ప్రింటింగ్ ప్రెస్సులో కాగితాలు కత్తిరించే మిషను మీద పనిచేస్తారు. కుడిచేతి చిటికెన వేలు సగమే ఉంటుంది. అయినా ఇంట్లో నవ్వులపాలయ్యేది నేనే.

పిల్ల ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆరు నెలలు పని చూసి ఖాయం చేస్తామన్నారు. ఈలోగా మూడుసార్లు ఆలస్యంగా చేరితే ఇంటికి పంపేస్తారు. నలభై మంది మగపిల్లల్లో అదొక్కత్తే ఆడపిల్ల. నాలుగు నెలల పాటు ఒక్క మచ్చ పడనివ్వలేదు. రాత్రి పడుకునేటప్పుడు కూడా ఆ యూనిఫాం చొక్కాను కుర్చీకి మనిషిలా తొడిగి పెట్టుకునేది.

ఆ బండి చక్రాలకు గాలి కొట్టే గొట్టాల మీద బొటనవేలి గోరంత నల్లటి మూతలుంటాయి. వాటిలో సెన్సర్లున్నాయట. లోపల గాలి ఎంతుందో హ్యాండిల్ మీదున్న బుల్లి పెట్టెకు చెబుతాయి. గాలి తగ్గితే ఎర్ర లైటు వెలిగి కీచుకీచుమంటుంది. లైటు వెలిగిన బండి ఎవరూ ఎక్కకూడదని కంపెనీ రూలు. ఈ సంగతులన్నీ అన్నం తింటూ అది వాళ్ల నాన్నకు చెప్పింది. నేను గిన్నెలు తోముతూ విన్నాను.

ఒక వానపొద్దున బండికి అంటిన బురద తుడుస్తుంటే వెనక చక్రం మూత నా చేతిలో కాస్త తిరిగింది. బుస్సుమని ఆగింది. కాసేపటికి ఎర్ర లైటు వెలిగింది. లోపల పిల్ల బూట్లు కట్టుకుంటోంది. బయట కుండపోత. నేను మూతను మళ్లీ బిగించలేదు.

ఫోన్ రానే వచ్చింది. పిల్ల బండి దగ్గరికి పరిగెత్తి, లైటు చూసి తల కొట్టుకుని, బస్సు కోసం వీధి చివరికి పరిగెత్తింది. చేరేసరికి గంట దాటింది. మొదటి మచ్చ. అది ఏడ్చింది. నేను మాత్రం ఆ పూట కడుపునిండా తిన్నాను. బస్సులో వెళ్లింది కదా, జారి పడదు కదా. అది వెళ్లగానే మూత బిగించేశాను, చక్రంలో గాలి అలాగే ఉంది గనుక లైటు ఆరిపోయింది.

తర్వాత ఇంకో నాలుగుసార్లు తిప్పాను. పీడకల వచ్చిన రోజు, కుడి కన్ను అదిరిన రోజు, పేపర్లో ఎవరో బండి జారి బస్సు కింద పడ్డారని చదివిన రోజు, మళ్లీ కుండపోత కురిసిన రోజు. మూడు తప్పుల దాకా ఆగుతామన్నారు కదా, రెండు పోతే పోయిందేముంది, మూడోది మిగిలే ఉంటుందనుకున్నాను. మూడుసార్లు ఫోనే రాలేదు. నాలుగోసారి వచ్చింది. రెండో మచ్చ పడింది. ఇక ముట్టుకోనని ఆ సాయంత్రం ఒట్టేసుకున్నాను.

కంపెనీ బళ్లు చూసే మెకానిక్ ఒకాయన ఉన్నాడు. అందరూ గాలి మావయ్య అంటారు. బొటనవేలితో టైరు నొక్కి గాలి ఎంతుందో చెప్పేస్తాడట. అప్పటికే రెండుసార్లు మూత లోపలి బ్యాటరీ మార్చాడు, ఒకసారి మూతే మార్చాడు. రెండో మచ్చ పడ్డ మర్నాడు మా వాకిట్లోకే వచ్చి చక్రం ముందు గొంతుక్కూర్చున్నాడు.

"మూత నిక్షేపంలా ఉందే అమ్మాయ్."

"నిక్షేపంలా ఉంటే లైటెందుకు వెలుగుతుంది మావయ్యా? నా మీద కోపమా దానికి?"

"ఉండు. ఇదిగో, గొట్టం మెడ దగ్గర రబ్బరు చీలుతోంది. దీన్ని ఎవరో మాటిమాటికీ తిప్పుతున్నారు."

మా ఆయన గడపలో నిలబడి నవ్వారు. "మా ఇంట్లో అంత తీరిక ఎవరికుందయ్యా? మీ చెల్లెమ్మకా? ఆవిడ బండి పక్కన నడవాలంటేనే వణుకుతుంది."

గాలి మావయ్య నా వైపు చూశాడు. నేను గ్లాసుతో మంచినీళ్లు ఇచ్చాను. ఆయన తాగి గ్లాసు తిరిగిచ్చాడు, చూపు మాత్రం నా వేళ్ల మీదే ఉంది.

"రేపు షెడ్డుకు తీసుకురా తల్లీ, గొట్టం మార్చేస్తాను. లైటు వెలిగితే మటుకు ఎక్కకు."

"ముందు మీ కళ్లజోడు మార్చుకోండి. మీవల్ల రెండు మచ్చలు పడ్డాయి. షెడ్డుకొచ్చి కూర్చుంటే మూడోది కూడా పడుతుంది, అప్పుడు ఇద్దరం కలిసి పంక్చర్లు వేసుకుందాం." పిల్ల అంత మాటందని నేను మందలించలేదు. ఆయన పనిముట్లు సర్దుకుంటుంటే అది వెనకనుంచి ఇంకోటి అంది: "ఇకమీదట ఆ లైటు వెలిగినా ఆగను. అబద్ధాలకోరు లైటు."

బండి షెడ్డుకు వెళ్లనే లేదు. ఆరు నెలలు నిండడానికి నాలుగు రోజులే ఉన్నాయి. ఆకాశం అద్దంలా ఉంది, రోడ్డు పొడిగా ఉంది. ఆ రోజు నా కన్ను కూడా అదరలేదు. పొద్దున తొమ్మిదింటికి ఫోన్ మోగింది. ఏదో ఆఫీసు లిఫ్టులో ఆరుగురు, అందులో ఒకావిడ నిండు చూలాలు. పిల్ల బండెక్కి తాళం పెట్టబోయింది. ఎర్ర లైటు వెలిగింది.

నేను ఆ మూతను ముట్టుకుని పదకొండు రోజులైంది.

ఇన్నాళ్లూ ఆ లైటు నా చేతి మాటే చెప్పింది. ఈరోజు సొంతంగా చెబుతోంది. ఈ సంగతి తెలిసింది లోకంలో నాకొక్కదానికే. వెళ్లి హ్యాండిల్ పట్టుకున్నాను.

"ఆగవే. లైటు వెలిగింది."

"వారం వారం వెలిగేదేగా. వదులమ్మా."

"కాదే, ఈసారి నిజంగా వెలిగింది."

అది హెల్మెట్ అద్దం పైకెత్తి నా మొహంలోకి చూసింది. "ఈసారి నిజమని నీకెలా తెలుసు?"

చెప్పేస్తే అయిపోయేది. ఒక్క మాట. మా ఆయన చేతిలో పేపరుతో బయటికొచ్చారు. "మీ అమ్మకి చక్రాలతో మాట్లాడే విద్య పట్టుబడిందే! అడుగు అడుగు, ముందు చక్రం ఏమంటోందో కూడా చెబుతుంది."

పిల్ల ఫక్కున నవ్వింది. నేను హ్యాండిల్ వదల్లేదు.

"ఏమో... మనసు కీడు శంకిస్తోంది" అన్నాను.

"నీ మనసు ఏనాడు శంకించలేదే? నేను బళ్లో చేరిన రోజు శంకించింది, సైకిలు తొక్కిన రోజు శంకించింది. నీ మాట వింటే ఈపాటికి మంచం కింద కూర్చుని ఉండేదాన్ని." నా వేళ్లను ఒక్కొక్కటే హ్యాండిల్ మీంచి విప్పింది. చిటికెన వేలు దగ్గర కాస్త గట్టిగా లాగింది కూడా. వెళ్లిపోయింది.

వంతెన కింద మలుపులో వెనక చక్రం గాలి ఒక్కసారిగా పోయింది. బండి పక్కకు తిరిగింది, పిల్ల కుడిచెయ్యి కింద పెట్టి పడింది. ఆ చేతి మీదనుంచి వెనకొచ్చే వ్యాను వెళ్లింది. రెండుసార్లు ఆపరేషన్ చేశారు. వేళ్లున్నాయి గానీ స్క్రూడ్రైవర్ కాదు కదా, చెంచా కూడా పట్టవు. లిఫ్టులో వాళ్లను వేరే ఎవరో వచ్చి పావుగంటలో తీశారట, చూలాలు నవ్వుతూ దిగిందట. మూడో మచ్చ పడింది. లైటు వెలిగినా బండెక్కింది గనుక తప్పు తనదేనని కంపెనీవాళ్లు కాగితం పంపారు. చొక్కా తిరిగి ఇచ్చేయమన్నారు. ఉతికి, ఇస్త్రీ చేసి నేనే ఇచ్చొచ్చాను.

మా ఆయన షెడ్డుకెళ్లి గాలి మావయ్య కాలరు పట్టుకున్నారు. పదిమంది ముందు చెంప మీద కొట్టారు. ఆయన చెయ్యెత్తలేదట.

రెండు రోజుల తర్వాత ఆ మనిషి ఆసుపత్రి వరండాలోకి వచ్చాడు. చెంప ఇంకా కందే ఉంది. నేనొక్కదాన్నే ఉన్నప్పుడు చూసి జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు. అందులో మెడ తెగిన రబ్బరు గొట్టం, దానికి అతుక్కున్న నల్లటి మూత.

"చెల్లెమ్మా, ఇది ఊరికే తెగలేదు. తిప్పి తిప్పి అరిగింది. ఎవరని నేను అడగను. ఎవరో తిప్పారని ఒక్క మాట మా సారుతో అను చాలు. ఇరవై రెండేళ్లుగా చేస్తున్నాను, గొట్టం సరిగ్గా చూడలేదని రేపు నన్ను తీసేస్తున్నారు."

లోపల గదిలో మా ఆయన దగ్గారు. నాకు ఆ దగ్గు వినబడింది.

"చేసిందంతా చేసి ఇప్పుడు మా మీదకి నెడతావా అన్నయ్యా?" అన్నాను, గది లోపలికి వినబడేలా. "నా పిల్ల చెయ్యి పోయింది కనబడట్లేదా నీకు?"

మా ఆయన బయటికొచ్చారు. గాలి మావయ్య పొట్లం మళ్లీ మడిచి, నా చేతిలో పెట్టి, మెట్లు దిగిపోయాడు. ఒక్కో మెట్టూ గోడ పట్టుకుని దిగాడు. దాన్ని ఆసుపత్రి చెత్తడబ్బాలో, దూది కిందకి తోసేశాను.

ఇప్పుడు పిల్ల ఇంట్లోనే ఉంటుంది. కిటికీ పక్కన, ఒకప్పుడు చొక్కా తొడిగి పెట్టుకున్న ఆ కుర్చీలోనే కూర్చుంటుంది. వాన వస్తే నాకు భయం లేదు. అంబులెన్స్ కూస్తే ఫోన్ చెయ్యక్కర్లేదు, తల తిప్పితే కనిపిస్తుంది. నవ్వడం మానేసింది. వాళ్ల నాన్న ఏదైనా ఎగతాళి చేయబోతే కసురుతుంది.

"అమ్మని ఏమీ అనకు నాన్నా. ఆ రోజు నిజం చెప్పింది అమ్మొక్కతే. ఇకనుంచి అమ్మ వద్దంటే గడప దాటను."

ఈ మాట వినాలని ఇరవై మూడేళ్లుగా మొక్కుకున్నాను.

రోజూ మధ్యాహ్నం అన్నం నేనే తినిపిస్తాను. సగం తిన్నాక, కట్టు కట్టిన చేతిని చూసుకుంటూ అది రోజూ ఒకటే అడుగుతుంది, చిన్నపిల్ల కథ అడిగినట్టు.

"అమ్మా, ఈసారి నిజమని నీకెలా తెలిసింది?"

నేను ముద్ద కాస్త పెద్దది చేసి నోట్లో పెడతాను. అది నమిలి మింగేదాకా వ్యవధి ఉంటుంది. మింగేలోగా ఇంకో ముద్ద కలుపుతాను.