పోతమ్మ మెదడులో చిల్లంగి

అర్జునరావుకి అన్న మీద ఒళ్లు మండిపోతోంది. ఆస్పత్రి ప్రయోగశాలలో మెదడు ముక్కలకు రంగులు వేయడం అతని ఉద్యోగం. ఇప్పుడు బల్ల మీదున్నది కన్నతల్లి పోతమ్మ మెదడు. రెండు నెలల కిందట ఆమె ఆ ఆస్పత్రిలోనే కన్నుమూస్తే, జబ్బేమిటో తేల్చడానికి తనే కాగితం మీద సంతకం పెట్టి తీయించాడు. అమ్మ తల కోయించాడని అన్న తాతబాబు తిట్టిన తిట్లు పేటంతా విన్నది.

నాలుగేళ్లుగా పోతమ్మకు మతి నిలవలేదు. పూర్ణా మార్కెట్‌లో బేరం తేలిన చేపనే మళ్లీ అమ్మబోయేది, సొంత గుమ్మం మరిచిపోయేది. పక్కింటి విధవ చిట్టమ్మ చేతబడి చేసి చిల్లంగి పెట్టిందని తేల్చేశాడు తాతబాబు. భూతవైద్యుణ్ణి పిలిచి తల్లిని వేపమండలతో బాదించాడు. ఆమె పోయాక ఆ కసి చిట్టమ్మ మీదికి మళ్లింది. ఆదివారం పెద్దలు కూర్చుని ఆమెను పేట నుంచి వెళ్లగొడతారట. పోతమ్మ దారి తప్పినప్పుడల్లా చెయ్యి పట్టుకుని తెచ్చింది ఆ చిట్టమ్మే! మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే.

మొదటిసారి, ముక్కలకు రంగు పట్టించే వెండి ద్రావణం పాలలా తెల్లబడి పాడైపోయింది. హడావిడిలో గిన్నెలు కుళాయి నీళ్లతో కడిగాడు మరి. ఆ నీళ్లలో ఉప్పు. ఉప్పు తగిలితే వెండి పనికిరాదు.

"సముద్రం ఒడ్డున పుట్టి ఉప్పునే మరిసిపోయేవేటిరా!" అని తనను తానే తిట్టుకుని, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి మళ్లీ రంగు వేశాడు. ఈసారి నల్లటి మచ్చలు, చిక్కుపడ్డ పోగులు తేటగా కనబడ్డాయి. ముసలితనంలో మతిని తినేసే జబ్బు అది.

శనివారం అన్నను లాక్కొచ్చి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాడు.

తాతబాబు చూసి ఎగిరిపడ్డాడు. "నల్లదారాలురా! ముడులేసి మరీ పెట్టింది ఆ ముండ! నాను సెప్పలేదేటి?"

అర్జునరావుకి తన చదువంతా గంగలో కలిసినట్టయింది. పళ్లు కొరుకుతూ ఇంకో స్లైడు పెట్టాడు.

"ఇది పోర్టులో పెద్దాఫీసరుది. గోదారి జిల్లావోరు. మన పేట మొకం కూడా సూడలేదు. ఆయనకీ ఇయ్యే దారాలు. సిట్టమ్మే పెట్టిందేటి? ఆఫీసరుకైతే జబ్బు, అమ్మకైతే సిల్లంగా?"

తాతబాబు మళ్లీ వంగాడు. చాలాసేపు కన్ను తీయలేదు.

"సిల్లంగి కాపోతే... మరి అమ్మని నాను ఎందుకు కొట్టించినట్టురా?"

అర్జునరావుకి ఓదార్చబుద్ధి కాలేదు.

"ఆ మాటే రేపు పెద్దల ముందు అడుగు, అన్నియ్యా. సిట్టమ్మ కూడా వింటాది."