కత్తెరమ్మ చెయ్యి

ఆ కుట్టు కొట్లో కత్తెర భార్యది, మిషన్ భర్తది. పెళ్లయిన కొత్తలో ఎలా కుదిరిందో గానీ ఆ పంపకం మళ్లీ మారలేదు. ఆమె కత్తిరించి ఇస్తే ఆయన కుడతాడు. వీధి వీధంతా ఆమెను కత్తెరమ్మ అనే పిలుస్తుంది. టేపు మెడలో వేసుకుని, గోడకానించిన బల్ల మీదికి వంగి, చెయ్యి చాచి ఆమె కత్తిరిస్తుంటే ఎంతటివాళ్లయినా నోరు మూసుకుని నిలబడాల్సిందే.

అలాంటి మనిషి తడి గడప మీద కాలు జారి కూలబడింది. పెద్దగా పడిందేమీ లేదు, చుట్టూ చేరినవాళ్ల గోలే ఎక్కువ. అయినా కుడిచేతి ఎముక భుజానికి కాస్త కింద విరిగింది.

"ఇంత మాత్రానికే విరుగుతుందా?" అని ఆమె డాక్టరమ్మ మీద విసుక్కుంది.

"ఎముకలు గుల్లబారాయమ్మా. ఆపరేషన్ అక్కర్లేదు, అదే అతుక్కుంటుంది. కాకపోతే తొందరపెట్టకండి," అంది డాక్టరమ్మ.

ఓపిక పట్టడమన్నది కత్తెరమ్మ ఒంట్లోనే లేదు. మెడకు కట్టిన ఆ చేతిని దొంగను చూసినట్టు చూస్తూ కూర్చునేది. మాత్రలు మింగింది, సూదులు వేయించుకుంది, ఎండలో కూర్చుంది, చెప్పినప్పుడల్లా ముందుకు వంగి చేతిని మెల్లగా ఊపింది. అందరికీ అతుక్కునే సమయం దాటిపోయినా ఎక్స్‌రేలో విరుపు విరుపులాగే కనబడింది. ఎముక తన తీరికలో తానుంది.

కూతురు చూడడానికి వచ్చి, "కటింగుకు ఎవరినైనా పెట్టుకో నాన్నా. అమ్మ ఇంట్లో హాయిగా ఉంటుంది," అంది.

మంచి మాటే. కానీ కత్తెరమ్మకు భయం వేసింది. తన బల్ల దగ్గర ఇంకొకరు నిలబడితే ఇక ఆ కొట్లో తనకేం పని?

"ఎవరూ అక్కర్లేదు. నేను చెప్తాను, మీ నాన్న కత్తిరిస్తారు," అంది.

ఆయన తెల్లమొహం వేశాడు. ఇన్నేళ్లలో దారం తెంపడానికి తప్ప ఆయన కత్తెర పట్టింది లేదు.

మొదట ఆ వీధి టీచరమ్మగారి పొడుగు చేతుల పూల జాకెట్టు. ఆమె ఎడమచేత్తో సుద్ద గీతలు గీసింది. ఆయన ఊపిరి బిగబట్టి కత్తిరించాడు. బాగానే వచ్చిందని ఇద్దరూ మురిసిపోయారు కూడా. తీరా మిషనెక్కించబోతే తెలిసింది, రెండు చేతులూ కుడివైపువేనని.

"రెండోది కత్తిరించేటప్పుడు గుడ్డ తిప్పలేదా?"

"నువ్వు చెప్పలేదుగా."

"అది కూడా చెప్పాలా? ఆవిడకు రెండూ కుడిచేతులే అనుకున్నారా?"

"నీకొకటి పనికొస్తుందేమోనని," అన్నాడాయన మెల్లగా.

ఆమె పకపకా నవ్వింది. భుజం కలుక్కుమన్నా నవ్వు ఆగలేదు. పడ్డాక అంతగా నవ్వడం అదే మొదలు. టీచరమ్మగారు మంచావిడ కాబట్టి, మిగిలిన ముక్కతో పొట్టి చేతులు పెట్టించుకుని ఊరుకుంది.

తర్వాతి ఎక్స్‌రేలో విరుపు చుట్టూ తెల్లటి మబ్బులాంటిది కనిపించింది. అది కొత్త ఎముకేనని డాక్టరమ్మ చెప్పగానే కత్తెరమ్మకు ప్రాణం లేచొచ్చింది.

"కత్తెర పట్టుకోవచ్చా మరి?"

"చిన్నదైతే పట్టుకోండి. కానీ మోచెయ్యి ఒంటికి ఆనించే ఉంచాలి. చెయ్యి చాచకూడదు."

కొట్టుకు రాగానే ఓ పసిపిల్ల గౌను గుడ్డ బల్ల మీద పరిచింది. తిన్నని గీత మీద కత్తెర చకచకా సాగింది. పాత చప్పుడు వినబడి ఆయన మిషన్ ఆపేశాడు. చంక వంపు దగ్గరికొచ్చేసరికి చెయ్యి చాచాల్సి వచ్చింది. మోచెయ్యి కదపకూడదు. కత్తెర అక్కడే ఆగిపోయింది.

"చూశారా, ఇంతే ఇక నా పని," అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోవడానికి ఎడమచెయ్యి ఉన్నా తుడుచుకోలేదు.

ఆయన లేచి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. రెండు అరచేతులూ గుడ్డ మీద ఆనించి, మడత చెదరకుండా ఆమె వైపుకు తిప్పాడు. సుద్ద గీసిన వంపు తనంతట తానే కత్తెర నోటి దగ్గరికి వచ్చింది. ఆమె ఆయన మొహంలోకి చూసి కత్తెర నొక్కింది.

"ఈసారి గుడ్డ తిప్పాను," అన్నాడాయన.

"తిప్పారులెండి. తొందరపడకండి," అంది కత్తెరమ్మ, "నిదానంగా తిప్పండి."