దారం కనబడే కవరు

పర్వొమాయ్‌లో ఏప్రిల్ నెలంతా తల దించుకుని నడిచే మనిషి దెనిత్సా ఒక్కతే. ఊరంతా కొంగల కోసం స్తంభాల మీది గూళ్లకేసి చూస్తుంటే, ఆమె నేలచూపులు చూస్తూ ఎదురొచ్చినవాళ్లనల్లా గుద్దుకుంటుంది. గుద్దుకున్నప్పుడల్లా చేతిలో ఫోను కింద పడుతుంది. చలి తగ్గాక ఇది మూడో కవరు పగలడం.

అసలు కథంతా ఆ కవరులోనే ఉంది. కిందటేడు మార్చి ఒకటిన, ఊళ్లో అందరూ కట్టుకున్నట్టే, ప్రేమించిన ఒగ్న్యాన్ ఆమె చేతికి ఎరుపూ తెలుపూ కలిపి పేనిన దారం కట్టాడు. తొలి కొంగ కంటబడగానే దాన్ని విప్పి చెట్టుకొమ్మకు కట్టేయాలి. ఓడ పనికి వెళ్తూ అతను, "నువ్వు కొంగను చూసేలోపు వచ్చేస్తాను" అన్నాడు. అంతే, ఆ పిచ్చిది కొంగల్ని చూడడమే మానేసింది. దారం పీలికలయ్యేసరికి ఫోను వెనక, ట్రాన్స్‌పరెంట్ కవరులో దాచుకుంది. అతని దగ్గర్నుంచి ఫోను వచ్చి ఏడు నెలలైంది. రోజు రోజుకీ బెంగ పెరుగుతోందే గాని తగ్గడం లేదు.

కొత్త కవరు కోసం ఆమె వెళ్తే, ఫోన్ల కొట్టు జెచ్కో దళసరి నల్ల రబ్బరు కవరు తీసి, తన ఫోనుకే తొడిగి, రెండుసార్లు నేల మీద పడేసి చూపించాడు. ఒక్క గీత పడలేదు. అంచులు ఎత్తుగా ఉన్నాయి కాబట్టి బోర్లా పడినా తెర నేలకు తగలదన్నాడు. దెనిత్సా దాన్ని అటూ ఇటూ తిప్పి, వెనక పెట్టింది కనబడుతుందా అని అడిగింది. కనబడదన్నాడు.

"అయినా నీ ఫోనుకు కావలసింది కవరు కాదమ్మా. నువ్వొకసారి తలెత్తితే చాలు."

ఆమె పగిలిన కవరులోంచి దారం తీసి, గుప్పిట్లో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లింది. ఎదురుగా స్తంభం మీది గూట్లో కొంగ ముక్కు టకటకలాడిస్తోంది. ఆమె మెడ సగం దాకా లేచింది. చూసిందంటే అతని మాట గడువు దాటిపోయినట్టే. మెడ అక్కడే ఆగి, మళ్లీ వాలిపోయింది.

"ట్రాన్స్‌పరెంటుదే ఇవ్వు బాబాయ్."

"అది పడితే పగులుతుందే తల్లీ."

"పగిలితే మళ్లీ వస్తాను."

జెచ్కో ట్రాన్స్‌పరెంటు కవరే తీసి ఇచ్చాడు. వస్తానంటే వచ్చే మనిషే ఆమె.