ఎవరికీ చెప్పకండి

లిఫ్టు మెకానిక్‌కి మొదటినుంచీ అనుమానం ఎక్కువ. తలుపుకి తాళం వేసి, మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి, ఆ తాళాన్ని లాగి చూసుకునే రకం. పళ్ళ కొట్టతను తూకం వేస్తుంటే ముల్లుని కాదు, అతని చిటికెనవేలిని చూసేవాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆ గుణమే ఆయనకు పేరు తెచ్చింది. ఇనుప తాడుని గుడ్డిగా నమ్మే మెకానిక్ బాగుచేసిన లిఫ్టు ఎవరెక్కుతారు? రిటైరయ్యాక మాత్రం అనుమానించడానికి తాళ్ళు లేకుండా పోయాయి. మనుషులు మిగిలారు.

అలాంటి మనిషికి ఒక మధ్యాహ్నం ఈమెయిలు వచ్చింది. ఆయన పనిచేసిన కంపెనీ మూతపడి చాలా కాలమైంది. దాని పాత బకాయిలు తీర్చే కార్యాలయం నుంచట. కార్మికుల నిధిలో ఆయన వాటా అలాగే ఉండిపోయిందట. ఆ అంకె చూస్తే, ఉన్న ఇల్లు అమ్మినా అంత రాదు. ఇంకొకప్పుడైతే ఆయన అక్కడే నవ్వి తుడిచేసేవాడు. కాని దాని కింద ఇంకో పేరా ఉంది.

"మీతో పనిచేసిన ఒక వ్యక్తి మీ సంతకాన్ని ఫోర్జరీ చేసి ఈ సొమ్ము కోసం దరఖాస్తు పెట్టారు. దాన్ని ఆపాలంటే మీరు ముందుగా నిలుపుదల రుసుము చెల్లించాలి. విచారణ ముగిసేదాకా ఎవరికీ చెప్పకండి. ఇంట్లోవాళ్ళకు, బ్యాంకు సిబ్బందికి అసలే వద్దు. వాళ్ళకూ ఇందులో చెయ్యి ఉండవచ్చు."

ఆ వ్యక్తి ఎవరో కూడా రాశారు. బోల్టు!

పొట్టిగా, గట్టిగా ఉంటాడని కంపెనీలో అందరూ అతనికి పెట్టిన పేరది. మెయిల్లో ఉన్నది అసలు పేరే అనుకోండి. మెకానిక్‌తో కలిసి సగం జీవితం లిఫ్టు గోతుల్లో వేలాడినవాడు. ఇల్లు వెనక వీధిలోనే. సాయంత్రాలు ఇద్దరూ వీధి చివరి బల్ల మీద కూర్చుని లోకాన్ని తిట్టుకునేవారు.

ఎవరో తనని మోసం చేస్తున్నారని మెకానిక్ బతుకంతా అనుకుంటూనే ఉన్నాడు. ఇన్నాళ్ళకి ఒకరు ఆ మాట రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. ఇక ఆయన అనుమానమంతా బోల్టు మీదికి పోయింది. మెయిలు పంపినవాడి మీద వెయ్యడానికి చిటికెడు కూడా మిగల్లేదు. ఆ రోజే ఫోన్లోంచి రుసుము కట్టేశాడు.

మర్నాటినుంచి ఆయన కళ్ళకి అన్నీ సాక్ష్యాలే. బోల్టు బల్ల దగ్గరికి రావడం మానేశాడు. వీధి మలుపులో ఎదురుపడితే ముఖం తిప్పుకుని మందుల షాపులోకి దూరాడు. ఇంటి ముందు కొత్త స్కూటరు కనబడింది. 'నా సొమ్ముతో షికార్లా!' అనుకుంటే మెకానిక్‌కి ఒళ్ళు మండిపోయింది.

ఇంట్లో ఇంకో గోల. ఆయన ఫోను దిండు కింద పెట్టుకుంటున్నాడు, మోగితే బాల్కనీలోకి పరిగెడుతున్నాడు. భార్య చూసి చూసి ఒకనాడు నిలదీసింది.

"ఎవరండీ ఆవిడ?"

"ఏ ఆవిడ?"

"అదే నేనూ అడుగుతున్నా."

"నీకెందుకు? నీ పని చూసుకో," అన్నాడాయన. అని, ఈవిడ ఇంత గట్టిగా ఎందుకు అడుగుతోందా అని ఆలోచనలో పడ్డాడు. ఇంట్లోవాళ్ళకూ చెయ్యి ఉండవచ్చని మెయిల్లో ఉంది కదా!

వారం తిరక్కుండా రెండో మెయిలు వచ్చింది. ఈసారి స్టాంపు రుసుము, మొదటిదానికి నాలుగింతలు. శుక్రవారం సాయంత్రంలోగా కట్టకపోతే సొమ్ము మొత్తం దరఖాస్తుదారుకే పోతుందట. అంత మొత్తం ఫోన్లోంచి పోదు. శుక్రవారం పొద్దున్నే బ్యాంకుకి వెళ్ళాడు.

కౌంటర్లో ఉన్న అమ్మాయి స్లిప్పు చూసి తలెత్తింది.

"ఈ ఖాతా ఎవరిది బాబాయ్‌గారూ? మీకు తెలిసినవాళ్ళేనా?"

బ్యాంకువాళ్ళకూ చెయ్యి ఉండవచ్చని ముందే రాశారు. అంటే ఇదీ ఆ ముఠాలోదే!

"నా డబ్బు, నా ఇష్టం. పంపమ్మా!"

"పంపుతాను. ఇందాక ఇంకొకాయన కూడా సరిగ్గా ఇదే ఖాతాకి పంపమన్నారు, అందుకని అడిగా. ఆయనదీ ఇంకా పంపలేదు. అదిగో, ఆ కుర్చీలో కూర్చోబెట్టాను."

మెకానిక్ వెనక్కి తిరిగాడు. గోడవారగా బోల్టు, స్లిప్పుని జేబులోకి కుక్కుకుంటున్నాడు.

"దొరికావురా!" మెకానిక్ అరుపుకి బ్యాంకులో అందరూ ఇటు తిరిగారు. "నా సంతకం పెట్టి నా డబ్బు మింగుతావా?"

బోల్టు లేచి నిలబడ్డాడు. "నేనా? నా సంతకం పెట్టింది నువ్వురా! ఇన్నాళ్ళ స్నేహమని నోరు మూసుకుని తిరుగుతున్నా!"

"మరి ఆ కొత్త స్కూటరెక్కడిది?"

"మా బావమరిదిది! బ్రేకులు చూడమని పడేసిపోయాడు!"

ఆ అమ్మాయి కౌంటరు దాటి వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. "ఇద్దరూ ఒకసారి ఆ మెయిళ్ళు చూపించండి," అంది. మొదట ఎవరూ కదల్లేదు. చివరికి బోల్టు ఫోను తీశాడు. అతను తీశాడు కాబట్టి ఈయనా తీశాడు.

ఆమె రెండు ఫోన్లనీ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. అవే మాటలు. అదే అంకె. చివరికి తప్పు పడిన అక్షరం కూడా అదే. ఈయన పేరున్న చోట అతని పేరు, అతని పేరున్న చోట ఈయన పేరు. అంతే తేడా.

"పాత ఉద్యోగుల జాబితా ఎక్కడో ఈ మోసగాళ్ళకి దొరికుంటుంది," అంది ఆ అమ్మాయి. "నిజంగా ఇచ్చేవాళ్ళయితే ఆ రుసుమేదో ఇచ్చే సొమ్ములోనే పట్టుకుంటారు కదా? ముందు మిమ్మల్ని కట్టమనడమెందుకు? ఎవరికీ చెప్పొద్దనడమెందుకు?"

మెకానిక్ తన ఫోను లాక్కున్నాడు. "వాణ్ణి నాలుగు తిట్టి జవాబు రాస్తా," అన్నాడు.

"వద్దు. తిట్టినా సరే, ఇక్కడొక మనిషి చదువుతున్నాడని వాళ్ళకి తెలుస్తుంది. మెయిలు తుడిచెయ్యకండి, ఫిర్యాదుకి కావాలి. ముందు మేనేజరుగారి దగ్గరికి రండి."

మేనేజరు ఆ ఖాతా గురించి అవతలి బ్యాంకుకి చెప్పాడు. సైబర్ పోలీసులకు ఫిర్యాదు ఎలా పెట్టాలో చూపించాడు. కట్టిన మొదటి రుసుము మాత్రం ఇద్దరికీ తిరిగి రాలేదు. అప్పటికే ఎవరో ఊడ్చేసుకుపోయారు.

ఇంటికొచ్చి మెకానిక్ భార్యకి మొత్తం చెప్పాడు. డబ్బు సంగతి ఆమె అడగలేదు.

"నా మీదా అనుమానపడ్డారా?"

"మెయిల్లో అలా రాశారు..."

"వాళ్ళు రాశారు, సరే. మీరు?"

ఆయన తల దించుకున్నాడు. ఆమె లేచి లోపలికి పోయింది.

మర్నాడు బోల్టు వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. కంపెనీలో మిగతా పాతవాళ్ళని హెచ్చరిద్దామని ఫోన్లు చేస్తే ఒక్కడూ వినడం లేదట. వాళ్ళతో పనిచేసిన వెల్డరైతే ఈ ఇద్దరి పేర్లూ వినగానే ఫోను పెట్టేశాడట.

"పద, వాడింటికే వెళ్దాం," అన్నాడు మెకానిక్.

"మీ ఇద్దరి ముఖాలు చూస్తే ఎవరూ తలుపు తియ్యరు. నేనూ వస్తాను," అంది లోపల్నుంచి ఆయన భార్య, చెప్పులు వెతుక్కుంటూ.

వెల్డరు తలుపు జానెడు తెరిచి, గొలుసు సందులోంచి ముగ్గుర్నీ ఎగాదిగా చూశాడు.

"మెయిల్లో మీ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ముందిది చెప్పండి. నా సంతకం పెట్టింది మీలో ఎవరు?"

"ఎవరూ పెట్టలేదన్నయ్యా," అందామె. "డబ్బు గాని కట్టేశారా?"

"సాయంత్రం కడదామనుకుంటున్నా."

"అయితే తలుపు తియ్యండి."

వెల్డరు ఇంకాసేపు ఆలోచించి, గొలుసు తీశాడు.