హైమవతి ఎడమకాలి చెక్క

నేను ఒక చెక్కను. వట్టి చెక్కనంటే నా కుడిపక్క తమ్ముడు నొచ్చుకుంటాడు కనుక పూర్తిగా చెబుతాను: మంచు మీద జారుతూ నడవడానికి బూట్లకు బిగించుకునే పొడవాటి జంటలో ఎడమదాన్ని. స్కీ అంటారు. మాది ఫిన్లాండు. ఐలా అనే పిల్ల బడికి వెళ్లడానికి వాళ్ల నాన్న నన్ను చెక్కి, ఇడ్లీకి పట్టినట్టు ఆవిరి పట్టి ముక్కు వంచాడు. ఐలా నా మీదే బడికెళ్లింది, నా మీదే వెళ్లి మొగుణ్ణి కూడా వెతుక్కుంది. అంతలో ప్లాస్టిక్ స్కీలు వచ్చాయి. ముప్పై ఏళ్లు కొట్టంలో మూలన ఉన్నాను. పెద్దవాళ్లకు మూల చూపించడం ఏ దేశంలోనైనా ఒకటే.

ఈమధ్య ఐలా మమ్మల్ని దుమ్ము దులిపి పక్కింటి హైమవతికి ఇచ్చింది. హైమవతి పేరుకు మంచుకొండ కూతురు, పుట్టింది మాత్రం రేపల్లెలో. భర్త శేషగిరి ఇక్కడి కాగితం మిల్లులో ఇంజనీరు.

ఏటా ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఈ వీధి ఆడవాళ్లంతా అడవిదారిన ఐదు కిలోమీటర్లు స్కీల మీద వెళ్లి, గుట్ట మీది గుడిసెలో మంట వేసుకుని తిని వస్తారు. రెండేళ్లు హైమవతిని శేషగిరి కారులో దింపాడు. అందరూ ఎర్రబడ్డ బుగ్గలతో ఎవరెక్కడ పడ్డారో చెప్పుకుని నవ్వుతుంటే, ఈవిడ నలగని కోటులో పెళ్లికొచ్చిన దూరపు చుట్టంలా కూర్చుంది. ఈసారి తన కాళ్ల మీదే వెళ్లాలని పట్టుబట్టింది. రెండు నెలలు మైదానంలో నేర్చుకుంది. ఎన్నిసార్లు పడిందో నాకు తెలుసు, చెప్పను.

ఆ ఉదయం నాకు రెండు పూజలు జరిగాయి. వాళ్ల ఫ్లాటుకు ఇనుప పట్టీయే తప్ప పసుపు రాయదగ్గ గడప లేదు. ఆ లోటంతా హైమవతి నా మీద తీర్చుకుంది: ముక్కుకు పసుపు, మూడు కుంకుమ బొట్లు. ఆవిడ పులిహోర కలపడానికి వెళ్లగానే శేషగిరి వచ్చాడు. జారే మైనం నా అడుగున ముందూ వెనకా రాసి, పాదం కింద జానెడు మేర వదిలెయ్యమని ఐలా చెప్పింది. అక్కడ పట్టు లేకపోతే ఎక్కడం కుదరదు. ఇంజనీరుకు పని సగంలో వదలడం చేతకాదు. దోశ పెనానికి నూనె రాసినట్టు మొత్తం నున్నగా పూసి, తృప్తిగా కారెక్కి, ఎందుకైనా మంచిదని ముందే గుడిసెకు వెళ్లిపోయాడు.

చదునులో హాయిగా సాగాం. దేవదారుల మధ్య ఎండ, మంచు మీద మా ఇద్దరి చప్పుడు, హైమవతి లోలోపల కూనిరాగం. గుట్ట మొదలయ్యేసరికి బండారం బయటపడింది. రెండడుగులు వేస్తే మూడడుగులు వెనక్కి. మిగతావాళ్లు పైకి వెళ్లిపోయారు, ఐలా ఒక్కతే ఆగింది. హైమవతి ఫోన్ చేసి, అడుగున ఏం రాశారని అడిగింది.

"మొత్తం రాశాను. ఎక్కడా వదల్లేదు," అన్నాడు శేషగిరి గర్వంగా. "ఎక్కలేకపోతున్నావా? అక్కడే రోడ్డు మీదకి వచ్చెయ్ హైమా, కారు తెస్తాను."

"మీరు అక్కడే ఉండండి," అని పెట్టేసింది.

కాసేపు నన్ను చూసింది. తర్వాత వీపు సంచీలోంచి పులిహోర డబ్బా తీసి, దానికి చుట్టిన పాత నేత చీర ముక్కను రెండుగా చింపింది. ఒకటి నా నడుముకు, ఒకటి తమ్ముడికి, సరిగ్గా పాదం కింద నాలుగు చుట్లు బిగించి ముడేసింది. మంచును గుడ్డ కరిచిపట్టింది. నేను జారలేదు. ఆవిడ ఒగరుస్తూ, మధ్యలో ఒకసారి చతికిలబడి, ఎక్కింది.

పైకి వచ్చాక ఐలా, "మా నాన్న ఇక్కడ తాడు చుట్టేవాడు, నీకెలా తెలిసింది?" అని అడిగింది. మా ఊళ్లో తాటిచెట్టు ఎక్కేవాళ్లు పాదాలకు తాడు మెలిక వేసుకుంటారని, వచ్చీరాని ఫిన్నిష్‌లో చేతులు తిప్పుతూ చెప్పింది హైమవతి. తాటిచెట్టు ఎవరికీ తెలియదు. దారిలో చతికిలబడ్డ సంగతి చెబితే మాత్రం అందరికీ అర్థమై విరగబడి నవ్వారు. ఆవిడ కోటు నిండా మంచు, బుగ్గలు ఎర్రగా.

తిరుగు ప్రయాణానికి శేషగిరి కారు తలుపు తీసి పట్టుకున్నాడు.

"దిగేటప్పుడు మీ మైనం బ్రహ్మాండంగా పనికొస్తుందండీ," అంటూ ఆవిడ నా నడుము కట్టు విప్పింది. "మీరు ముందెళ్లి అన్నం వండి ఉంచండి. వేడినీళ్లు కూడా."

ఇప్పుడు నేను వాళ్ల తలుపు పక్కనే ఉంటున్నాను. శుక్రవారాలు నా ముక్కుకు పసుపు అందుతోంది. మైనం డబ్బా మాత్రం అటక మీదకు వెళ్లింది, శేషగిరికి అందనంత ఎత్తున.