ఒక్క స్టెప్నీ

ఈ ఏడాది తేనెటీగల వెంట అడవికి పోవాలంటే చిన్నకోడలు తన ట్రైలరు చక్రాలు మార్చాలి. బావగారు పెట్టిన షరతు అది. జీపుకి ఏ చక్రాలున్నాయో ట్రైలరుకీ అవే ఉండాలి, లేకపోతే తగిలించుకోను అన్నాడు.

ఆ మాట కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు. కిందటి ఏడు అడవి దారిలో ట్రైలరు టైరు పగిలింది. దానివి నాలుగు బోల్టుల చిన్న చక్రాలు, జీపువి ఆరు బోల్టుల పెద్దవి. జీపు వెనక స్టెప్నీ వేలాడుతూనే ఉంది, కాని ట్రైలరుకి ఎక్కదు. ఇరుకు దారిలో జీపు వెనక్కి తిప్పడానికి వీల్లేదు. ట్రైలరు మీది పెట్టెల్లో ఈగలు ఎండకి ఉడికిపోతాయని ఆమె భర్త పగిలిన చక్రం ఊడదీసి, చేత్తో దొర్లించుకుంటూ రోడ్డు వైపు పోయాడు. దొర్లే చక్రం మీంచి చూపు తిప్పితే పడిపోతుంది. అందుకని అతను వెనక్కి చూడలేదు. మలుపు దాకా ఆమెకు కనిపించింది అతని వీపు మాత్రమే. రోడ్డెక్కగానే లారీ గుద్దింది. చక్రాన్ని మాత్రం ఎవరో భద్రంగా తెచ్చి ఇచ్చారు.

"ఒక్క స్టెప్నీ రెంటికీ పనికొచ్చుంటే నా తమ్ముడు బతికుండేవాడు," అన్నాడు బావగారు, వాకిట్లో నలుగురూ వింటుండగా. "మళ్ళీ ఆ తప్పు నేను చెయ్యను. చక్రాలు కలిస్తే వస్తావు. కలవకపోతే ఇంట్లో కూర్చుంటావు. అంతే."

న్యాయంగానే ఉంది. ఆమెకీ అలాగే అనిపించింది.

ఆమెవి ఇరవై రెండు పెట్టెలు. ఎండలు ముదిరాయంటే ఊరి చుట్టుపక్కల పువ్వన్నది మిగలదు. కొండల మీద అడవిలో మాత్రం మూడు వారాల పాటు చెట్లు విరగబూస్తాయి. ఆ మూడు వారాలూ అక్కడుంటేనే ఈగలు ఏడాదంతా బతికేది. అడవిలోకి అనుమతి కాగితం బావగారి పేరు మీద ఉంది. ఆ దారి నాలుగు చక్రాలూ లాగే బండికి తప్ప లొంగదు. ఈగల పెట్టెలంటే కిరాయి బళ్ళవాళ్ళు ఆమడ దూరం పారిపోతారు. బావగారి జీపు తప్ప ఆమెకు వేరే దిక్కు లేదు.

వీధి చివరి రేకుల షెడ్డులో ఒక ముసలి ఫిట్టరు ఉన్నాడు. అందరూ కొలబద్ద తాత అంటారు. అద్దం ముందు నిలబడితే మీసానికి కూడా టేపు పెట్టి చూసుకుంటాడని ఎగతాళి చేస్తారు. ఆయన ట్రైలరు కిందికి దూరి, బయటికొచ్చి, మోకాళ్ళు దులుపుకున్నాడు.

"చక్రాలు బిగించే హబ్బులే మార్చాలి తల్లీ. ఆరు బోల్టులుంటే సరిపోయిందనుకోకు. ఎదురెదురు బోల్టుల మధ్య దూరం కలవాలి. చక్రం నడిమి బెజ్జం కలవాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా ఎక్కదు."

"ఎన్నాళ్ళు పడుతుంది తాతా?"

"పాత సామాన్లు దొరకాలి కదా. దొరికేలోగా ఈ తుప్పు గోకుతూ ఉండు. నీ పని నువ్వు చేసుకుంటే నా కూలీ మిగులుతుంది."

ఆమె నెల రోజులు షెడ్డులో తుప్పు గోకింది. తన ట్రైలరుదే కాదు, తాత అతుకులు వేసిన ప్రతి ఇనుప ముక్కనీ తీగ బ్రష్షుతో రుద్ది ఇచ్చింది. జాకీ ఎక్కడ పెట్టాలో నేర్చుకుంది. నట్లు వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలని నేర్చుకుంది. హబ్బులు దొరికాయి, ఆరు రంధ్రాల రిమ్ములు దొరికాయి. బావగారు చూడటానికి వచ్చాడు.

"బోల్టులు కలిశాయి," అన్నాడు వంగి చూసి. "ఎత్తో? నా టైరు పక్కన పెట్టి చూడు. నాన్న చెప్పుల పక్కన పిల్లాడి చెప్పుల్లా లేవూ? ఇది నా జీపుకి వేస్తే ఒక పక్కకి ఒరిగి పోవాలా నేను?"

తాత మళ్ళీ టైర్ల కోసం తిరిగాడు. ఆమె మళ్ళీ తుప్పు గోకింది. టైర్లు వచ్చాయి, గాలి కొట్టారు, ఎత్తు అచ్చంగా సరిపోయింది. బావగారు మళ్ళీ వచ్చాడు.

"ఎత్తు కలిసింది. వెడల్పో?"

"వెడల్పేంటి బావగారూ?"

"నా జీపు చక్రాలు పోయిన గాడిలోనే నీ చక్రాలు పోవాలి. ఇవి లోపలికి ముడుచుకుని ఉన్నాయి. బురదలో నా జీపు రెండు గాడులు తీస్తే, నీ ట్రైలరు మధ్యలో ఇంకో రెండు తీస్తుంది. నీ కోసం నా ఇంజను పొలం దున్నాలా?"

అదీ నిజమే. తాత తల గోక్కున్నాడు. "మాటలు ముళ్ళలా ఉన్నా లెక్క మాత్రం తప్పు కాదు తల్లీ. ఇరుసు కోసి అతకాలి."

ఆ రోజుల్లోనే తోడికోడలు టేపు పట్టుకుని ఆమె వాకిట్లోకి వచ్చింది. పెట్టె పొడుగు, వెడల్పు, ఎత్తు కొలిచి చీటీ మీద రాసుకుంది.

"ఎందుకక్కా?"

"ట్రైలరు మీదికి గుడ్డ కుడతాను చెల్లాయ్. పెట్టెల మీద ఎండ పడకూడదు కదా. నువ్వా షెడ్డులోనే ఉంటివి, ఇవన్నీ ఎవరు చూస్తారు?"

భర్త పోయాక తన మంచి ఎవరైనా తలుచుకోవడం అదే మొదటిసారి. చిన్నకోడలు ఆమె చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు.

ఇరుసు కోసి, చెరో పక్క నాలుగు వేళ్ళు పెంచి అతికారు. మూడోసారి బావగారు జీపు తెచ్చాడు. షెడ్డు వెనక నేల తడిపి, ట్రైలరు తగిలించి లాగించారు. ఆమె వెనకాలే నడుస్తూ నేలకేసి చూసింది. బురదలో రెండే జాడలు ఉన్నాయి. ఇంకో గీత లేదు. ఆ తర్వాత ఆమే జాకీ ఎత్తి, జీపు స్టెప్నీ దించి ట్రైలరుకి వేసింది. ట్రైలరు చక్రం తీసి జీపుకి వేసింది. ఆరు నట్లూ వేళ్ళతోనే తిరిగాయి. బావగారు పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"ఏం బావగారూ?"

"ఏముంది? కలిశాయి." పుల్ల ఉమ్మేశాడు. "వచ్చే గురువారం తెల్లారగానే బయల్దేరదాం. సిద్ధంగా ఉండు."

ఆ పూట ఆమె రెండోసారి అన్నం పెట్టుకుని తింది.

బుధవారం సాయంత్రం వెలుతురు పోతుండగా, మేతకి పోయిన ఈగలన్నీ గూటికి చేరాక, వాకిట్లో వరసగా ఉన్న ఒక్కో పెట్టె చిన్న వాకిలికీ జాలీ ముక్క అడ్డం పెట్టి మేకులు కొట్టింది. ఈగల్ని కదిలించాలంటే అన్నీ లోపలున్నప్పుడే కదిలించాలి. వాకిలి తెరిచి ఉంటే తెల్లారగానే మేతకి లేచిపోతాయి. తిరిగొచ్చేసరికి పెట్టె చోటు మారితే ఆ ఖాళీ నేల మీదే ముసిరి ముసిరి చస్తాయి.

తెల్లవారుతూనే తాత ట్రైలరు కొక్కెం సరిచూడటానికి వచ్చాడు. ఆయన ఆ రోజు ఆమె మొహం చూడలేదు. బిగించిన నట్లే మళ్ళీ బిగిస్తున్నాడు.

జీపు వచ్చింది. దాని చప్పుడే వేరుగా ఉంది. ఆమె ముందు చక్రాలకేసి చూసింది. చూడటం అలవాటైపోయింది కదా. రిమ్ములు నల్లగా నిగనిగలాడుతున్నాయి. టైర్లు పాతవాటికన్నా జానెడు ఎత్తు. బండి అంచు దాటి బయటికి పొడుచుకొచ్చాయి. వెనక స్టెప్నీ కూడా కొత్తదే.

"ఇవేంటి బావగారూ?"

"కొత్తవి. బాగున్నాయా?"

"మరి నా చక్రాలు..."

"అదే నేనూ చూస్తున్నా," అన్నాడు దిగి, ట్రైలరు పక్కన నడుం మీద చేతులేసుకుని. "కలవట్లేదే!"

"బోల్టులు అవేనయ్యా," అన్నాడు తాత నేలకేసి చూస్తూ. "అవసరానికి ఎక్కుతుంది."

"ఎత్తో?"

తాత మళ్ళీ నట్ల మీదికి వంగాడు.

"వెడల్పో? కొలిచే మనిషివి కదా తాతా, ఆ టేపు తియ్యి. కొలిచి గట్టిగా చెప్పు, అమ్మాయి వింటుంది."

"పాతవి ఇవ్వండి బావగారూ," అందామె. "జీపుకి మళ్ళీ అవే వేసేస్తాను. గంట పని. నేనే వేస్తాను, మీరు చెయ్యి పెట్టక్కర్లేదు."

"ఎక్కడివమ్మా? నిన్ననే ఎవరికో ఇచ్చేశా."

ముందు సీట్లోంచి తోడికోడలు దిగి, జీపు వెనక పరదా పైకెత్తింది. లోపల సీట్లు లేవు. కింద పదకొండు, పైన పదకొండు, ఇనుప అరలు. బావగారు ఒక పెట్టె తెచ్చి తోశాడు. బల్లలో సొరుగు దూరినట్టు దూరింది. వేలు పెట్టడానికి కూడా సందు లేదు.

చిన్నకోడలు తోడికోడలి వైపు తిరిగింది.

"గుడ్డ కుడతానన్నావు కదక్కా."

"కుట్టాలనే అనుకున్నా చెల్లాయ్. ఇనుమైతే గట్టిగా ఉంటుందని ఈయనే అన్నారు."

అరల అతుకులు చూడగానే అవి ఎవరి చేతివో తెలిసింది. ఇన్నాళ్ళూ ఆ చేతి అతుకుల్నే రుద్దింది. బహుశా వీటిలో కొన్నిటినీ తనే రుద్ది ఉంటుంది.

"అరలు కట్టమన్నారు, కట్టాను," అన్నాడు తాత. "ఏ పెట్టెలకని నేనడగలేదు తల్లీ."

"మరి నేనెక్కడ కూర్చోవాలి?"

"నువ్వెందుకసలు?" అన్నాడు బావగారు ఓపిగ్గా, మొండి పిల్లకి నచ్చజెప్తున్నట్టు. "ఈగల్ని చూసుకోవాలా, అడవిలో నిన్ను చూసుకోవాలా నేను? ఇంటి పట్టున ఉండు. తేనె తీశాక నీకూ రెండు సీసాలు పంపిస్తా."

"అవి నా పెట్టెలు."

"నీవా? వచ్చేటప్పుడు నెత్తిన పెట్టుకొచ్చావా? నా తమ్ముడివి. వాడు లేడు కాబట్టి నేను చూస్తాను."

"పోనీ, చెప్పొచ్చు కదా బావగారూ. మొదటి రోజే చెప్పొచ్చు కదా. ఇన్నాళ్ళూ ఈ చక్రాలన్నీ నాచేత ఎందుకు..."

"నువ్వు చెయ్యలేవనుకున్నా," అన్నాడు. "మొదటి హబ్బుకే కూలబడి ఏడుస్తావనుకున్నా. నువ్వేమో మొండిదానివి. నాకెంత ఖర్చు పెట్టించావో చూడు!"

తోడికోడలు కిసుక్కున నవ్వి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఎండ వస్తోంది. వాళ్ళిద్దరూ పెట్టెలు మోయడం మొదలుపెట్టారు. ఆమె ట్రైలరు అంచు మీద కూర్చుని చూసింది. రెండోది పోయింది. మూడోది పోయింది. పక్కనున్న పెట్టె మీద చెయ్యి వేసింది. లోపల ఈగలు దిగాలుగా మూలుగుతున్నాయి. వెలుతురు వచ్చాక వాకిలి మూసి ఉంటే అవి అలాగే అంటాయి. పోనిస్తే పువ్వుల్లోకి పోతాయి. పిల్లలు పెడతాయి, గూళ్ళు నిండుతాయి. వచ్చే ఏడు ఆ పెట్టెలకి తోడికోడలు రంగు వేయిస్తుంది. అవి ఈ వాకిట్లోకి మళ్ళీ రావు. అది ఆమెకు బాగా తెలుసు.

నాలుగో పెట్టె జీపెక్కింది.

ఆమె లేచి తాత సంచిలోంచి స్క్రూడ్రైవరు తీసుకుంది. మొదటి జాలీ కింద దూర్చి ఎత్తింది. మేకు ఊడింది. రెండోది. మూడోది. పరుగెత్తలేదు, అరవలేదు. తుప్పు గోకినంత నింపాదిగా వరసగా పోయింది. బావగారు ఐదో పెట్టె కోసం వెనక్కి తిరిగేసరికి ఇంటి వాకిలంతా ఈగలు.

"ఏయ్! ఏం చేస్తున్నావే!"

"మేతకి వదుల్తున్నా."

"నీకు మతిగానీ పోయిందా? మేతెక్కడుంది ఇక్కడ? మూసెయ్! మూసెయ్ ముందు!"

"మూస్తే సగం బయటే ఉంటాయి బావగారూ. మీకు తెలియనిదా?"

అతను మీదికి రాబోయాడు. మెడ మీద ఒకటి, కనురెప్ప మీద ఒకటి కుట్టాయి. తోడికోడలు కొంగు మొహానికి చుట్టుకుని జీపులో దూరి అద్దం ఎక్కించేసింది. తాత గోడ వారకి జరిగాడు.

"సాయంత్రానికి గూటికి వస్తాయయ్యా," అన్నాడు అక్కణ్ణుంచే. "అప్పుడు మూసి, రేపు పోవచ్చు."

"అడవి గేటు దగ్గర ఈ మధ్యాహ్నం దాకానే నా కాగితం చెల్లేది! ఆ తర్వాత ఆ చోటు ఇంకొకడిది." కన్ను అప్పటికే వాచిపోతోంది. ఒంటి కన్నుతో ఆమెకేసి చూశాడు. "మాడి చస్తాయే అవి. ఒక్కటి మిగలదు. నా తమ్ముణ్ణి మింగావు, వాడి ఈగల్నీ మింగు!"

జీపు ఎక్కిన నాలుగు పెట్టెలతోనే పోయింది. పెద్ద టైర్లు గుమ్మం ముందు రెండు వెడల్పాటి జాడలు వదిలాయి. ఆమె ఆ నాలుగింటి కోసం వీధి చివరి దాకా వెళ్ళింది. పరదా దించి ఉంది. ఏమీ కనబడలేదు.

ఈగలు పొద్దు గుంకేసరికి తిరిగొచ్చాయి. కాళ్ళకి పుప్పొడి లేదు. మర్నాడూ లేదు. ఆమె చక్కెర నీళ్ళు కలిపి పళ్ళేల్లో పెట్టింది, మునిగి చావకుండా పుల్లలు వేసింది, గోనెలు తడిపి పెట్టెల మీద కప్పింది. పది రోజులకి వాకిళ్ళ ముందు రాలిన ఈగల్ని చీపురుతో ఊడవాల్సి వచ్చింది. నెల తిరిగేసరికి పద్దెనిమిదిలో ఆరు మిగిలాయి.

ఒక రోజు తాత వచ్చి, గోడ అవతలే నిలబడ్డాడు. ఆమె రమ్మనలేదు.

"మీ బావగారి దగ్గర ఆ నాలుగూ పొంగిపోతున్నాయట తల్లీ. ఎనిమిది చేశాడట."

ఆమె ఊడుస్తూనే ఉంది.

"ఇచ్చేసుంటే ఇవన్నీ బతికేవి కదమ్మా."

"బతికేవి," అంది.

"మరెందుకు చేశావు?"

"నువ్వు అరలు కట్టేటప్పుడు ఏ పెట్టెలకని అడిగావా తాతా?"

తాత వెళ్ళిపోయాడు. ఆమె చీపురు గోడకి ఆనించి, వరసలో ఏడో పెట్టె దగ్గరికి పోయి రెండు చేతులా ఎత్తి చూసింది. మూత తియ్యనక్కర్లేదు, బరువుని బట్టే తెలుస్తుంది. దించి, పక్కదాని దగ్గరికి వెళ్ళింది.